తార్నాకలో తయారైన పడవ హారన్‌కు సర్కారు ముద్ర కోరుతూ

పడవల భద్రతా పరికరాల పరీక్షాధికారి గారి సముఖమునకు, తార్నాకలో హారన్ల దుకాణం నడుపుకునే లక్ష్మీనర్సయ్య రాసుకున్నది. తేదీ: 6-1-2011.

అయ్యా,

విషయం: మంచులో పడవలు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఊదే సౌండ్ సిగ్నల్‌ను పరీక్షించి ఆమోదించుట గురించి.

1. నేను ఇరవై ఏండ్లుగా లారీ హారన్లు చేస్తున్నాను. మచిలీపట్నంలో చేపల పడవ ఉన్న చిట్టెమ్మ గారు, పోయిన చలికాలం మంచులో వారి పడవను ఇంకో పడవ గుద్దినందున, నాతో పెద్ద హారన్ చేయించారు. సర్కారు ముద్ర లేనిదే బిగించనివ్వరట. తెలంగాణకు సముద్రమే లేదు, నీకెందుకయ్యా అని తమ ఆఫీసు గుమాస్తా అడిగారు. గొడుగులు చేసేటోడు వానల్నే కూసోవాల్నా సార్?

2. అర మైలు వినబడాలని తమ రూలు. తార్నాక ట్రాఫిక్‌లో నా గొంతు నాకే వినబడదు గనుక హారన్‌ను యూనివర్సిటీ గ్రౌండ్‌కు తీసుకుపోయాను. మంచులో పోయే పడవ రెండు నిమిషాలకోసారి పొడుగ్గా ఊదాలని ఉన్నందున అట్లే ఊదితిని. మొదటి కూతకు హాస్టల్ విద్యార్థులు కిటికీల్లోంచి చూశారు. రెండో కూతకు ర్యాలీ అనుకుని జెండాలతో దిగారు. మూడో కూతకు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎవరు పిలిచారో ఎవరికీ తెలియదు. అందరూ నన్ను చూశారు.

3. డబ్బా మీద "సౌండ్ సిగ్నల్" అని నేనే రాసిన అక్షరాలు ఇన్‌స్పెక్టర్ గారు చదివారు.

"సిగ్నల్ ఎవరికిచ్చినవ్?"

"పడవలకు సార్."

"తార్నాకల పడవలేడియి?"

ఆయన హారన్‌ను వ్యాన్‌లో పెట్టించారు. ముఖేష్ అనే విద్యార్థి మాత్రం నా చెవిలో, "కాకా, గిసొంటివి ఇంకెన్ని ఉన్నయ్?" అన్నాడు.

4. ప్రస్తుతం హారన్ స్టేషన్ బీరువాలో ఉంది. అది పడవదేనని తమ కాగితం తెస్తే ఇస్తామని వారు. హారన్ తెస్తేనే కాగితమని తమవారు. నడుమ నేను బస్ పాస్ తీసుకున్న సార్.

5. పోలీసువారి పంచనామా నకలు జతపరిచాను. అందులో "సదరు శబ్దము మౌలాలి వరకు వినబడి జనము గుమిగూడిరి" అని సంతకం, సీలుతో సహా ఉంది. మౌలాలి అర మైలు కాదు, ఎంతో ఎక్కువ. దీన్నే పరీక్ష ఫలితంగా స్వీకరించగలరు. లేదా తామే స్టేషన్‌కు దయచేసి ఊదించి వినగలరు. చాయ్ నాది.

ఈ మొర తమ చిత్తానికి, ఆ కూత తమ చెవులకు చేరవలెనని వేడుకొను

విధేయుడు,
లక్ష్మీనర్సయ్య

తా.క.: కవరు అంటిస్తుంటే చిట్టెమ్మ గారి ఫోన్ వచ్చింది. మూడు రోజులుగా ఒకటే మంచట. "ఆగితే పొయ్యి వెలగదు అన్నయ్యా. మా ఆయన పడవ ముందు కూర్చుని ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టుకుంటా వెళ్తన్నాడు" అన్నది.

సార్, ఆ బిందెకు తమ ముద్ర ఉన్నదా?