సుద్దగీత

వన్ టౌన్, బెజవాడ
9-8-74

అమ్మకు గంగారత్నం దణ్ణాలు. ఇక్కడ అందరం కులాసా.

నువ్వు చెప్పినట్టే అమ్మవారి పేరు పెట్టుకున్న నీ మనవరాలు పెద్దింట్లు మీద చెయ్యి చేసుకోవడం మానేశాను. వీధినిండా తోపుడుబళ్ళు. అందుకని గుమ్మం ముందు సుద్దతో గీత గీసి, దాటొద్దని నెమ్మదిగా చెప్పాను. కాసేపటికి చూస్తే ఎదురు కిళ్ళీకొట్టు దగ్గరుంది. నా గీత కాలితో చెరిపేసి, అక్కడ కొత్తది గీసుకుంది. "నేను దాటలేదుగా, జరిపా" అంటుంది. నవ్వాలో కొట్టాలో తెలియక గట్టిగా అరిచేశాను. మమ్మల్నందర్నీ ఒక్క చూపుతో ఎలా కూర్చోబెట్టేదానివి?

నాన్న దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటొస్తుంటే ఎండురొయ్యలు కాసిని పంపు.

ఆనక అది నా చుట్టూ గీత గీసి, "కోపం పోయేదాకా దాటకు" అంది. అందులో కూర్చునే ఈ కార్డు రాస్తున్నాను. కోపం ఎప్పుడో పోయింది. దాటనా అని అడుగుదామంటే అది నిద్రపోయింది. నేను దాటితే రేపు నా గీత అది లెక్కచేస్తుందా? పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.