ఇద్దరికి సరిపడే గిన్నె

మాదాపూర్, మంగళవారం

వసంతా, నా ఒంట్లో బాగానే ఉంది, ఫికర్ పెట్టుకోకు. ఫోన్‌లో సగం మాట కాకముందే నీకు గిరాకీ వస్తుంది, అందుకే కార్డు రాస్తున్నాను.

మా పన్ను లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ముందు గిన్నెల దుకాణాలకే చేస్తున్నామని చెప్పాను కదా. మొన్న శుక్రవారం కూకట్‌పల్లిలో బాలనర్సయ్య దుకాణంలో ఒకామె పాత ఇత్తడి బిందె ఇచ్చి కొత్త కుక్కర్ తీసుకుంది. మా సాఫ్ట్‌వేర్ బిందె విలువ పోను ఆమె కట్టిన డబ్బు మీదే పన్ను వేసింది. "కుక్కర్ పూరా ధర మీద పడాలె గద సారూ, మరి బిందె యాడ వోయింది?" అన్నాడాయన. ఊళ్లో మన గిన్నెల దుకాణంలో ఈ పాత సామాను మార్పిడి నువ్వు రోజూ చేసే పనే. నీ పక్కన కూర్చుని ఇన్నేళ్లు చూసి కూడా మరిచిపోయాను.

బట్టల దుకాణాల వాళ్లు తమకూ చేసిమ్మంటున్నారు. ఒప్పుకుంటే ఆ డబ్బుతో ఈ నెలలోనే నిజాంపేటలో ఇల్లు తీసుకుని నిన్ను పిలిపించుకునేవాణ్ని. గిన్నెల లెక్కే సరిగా రానివాణ్ని బట్టలేం చూస్తాను? వద్దన్నాను. దసరా దాకా ఓపిక పట్టు, తిట్టుకో కానీ పట్టు.

పాత సామాను విలువ తూకం వేయగానే బిల్లులో రాస్తావా, బేరం కుదిరాకా? చిల్లు పడ్డవాటికి ఎంత తగ్గిస్తావు? వెంటనే రాయి. దగ్గు తగ్గిందా? అత్తమ్మకు నా దండాలు.

నీ నరేందర్

అడ్రసు పక్కన కాస్త చోటు మిగిలింది. తప్పు దిద్దాక బాలనర్సయ్య కొట్టిన మొదటి బిల్లు నాదే. ఇద్దరికి అన్నం వండే గిన్నె. దాని స్టిక్కరు ఇంకా తీయలేదు, నువ్వొచ్చి తీయాలి.