మీ నీళ్ల రిపోర్టు దొరికింది

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున మీ పటానికి దండ వేసి, బస్సెక్కి తిరువూరు వెళ్లాను. నీళ్లు పరీక్షించే ఆఫీసు మూసేస్తున్నారని ఊళ్లో అనుకుంటుంటే విన్నాను. మన బోరు నీళ్లు సీసాలో పట్టుకుని మీరు ఎన్నోసార్లు తిరిగిన ఆఫీసే.

బీరువాలు లారీకి ఎక్కిస్తున్నారు. మీకు కుర్చీ వేసి కూర్చోబెట్టే ల్యాబు సారు నన్ను గుర్తుపట్టారు.

"కొత్త చట్టంలో ఫ్యాక్టరీల తనిఖీ, జరిమానా అధికారాలు మా నుంచి తీసేశారమ్మా. వాటితోపాటే మాకొచ్చే ఫీజులూ పోయాయి. ఈసారి బడ్జెట్లో ల్యాబుకి ఏమీ ఇవ్వలేదు" అన్నారు.

తర్వాత ఫైళ్లు వెతికి ఒక కాగితం నా చేతిలో పెట్టారు. మీరు ఆస్పత్రిలో ఉండగా తయారైన రిపోర్టు. మనకు పంపేలోపే చట్టం మారి, ఆ ఫైల్లోనే ఉండిపోయిందట. మన ఊరి పక్క ఫ్యాక్టరీ వాగులోకి వదిలే నీళ్లే మన బోరులోకి దిగుతున్నాయని, అవి తాగకూడదని అందులో ఉంది. మీరు మొదటినుంచీ చెప్పిందే.

"మరి ఆ ఫ్యాక్టరీకి నోటీసు ఇవ్వండి సార్."

"ఇప్పుడు మాకా అధికారం లేదమ్మా." ఆయన నా ముఖం చూడలేకపోయారు.

ఊళ్లో బస్సు దిగి వచ్చేసరికి పక్కింటి సుజాత మన బోరు దగ్గర బిందె నింపుతోంది. దానికిప్పుడు ఏడో నెల. కాగితం చదివి వినిపించి, ఈ నీళ్లు తాగొద్దే అన్నాను.

"మరి ఏ నీళ్లు తాగమంటావు పిన్నీ?" అంది.

మీరుంటే ఏదో ఒకటి చెప్పేవారు. అది నిండిన బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

మీ
సరోజ