జాగ కోసం పెట్టిన రాళ్ళు

నవంబర్ 11, మంగళవారం

మొదటి మడి వడ్లు ఎండినయ్. సంచులకెత్తినం. నడుము లేస్తలేదు. ఎల్లుండి రెండో మడి కోత — ఆరబోసుటందుకు మళ్ళ ఇంటి ముందటి గీ రోడ్డే దిక్కు. వడ్ల చుట్టూ పెట్టిన రాళ్ళు తీసేద్దామన్నడు ఆయన. నేనే వద్దన్న. తీస్తే పొద్దుగాల్లకు ఎవరో ఒకరు వచ్చి వాళ్ళ వడ్లు పోసుకుంటరు. పోయిన యాసంగి పంటకు గట్లనే జాగ పోయి రెండు దినాలు కొట్లాడిన. రాళ్ళుంటే జాగ మనదేనని ఊరందరికి ఎరుక. "బండ్లొస్తయే" అన్నడు. కండ్లుండవా వాళ్ళకు, అన్న.

నవంబర్ 12, బుధవారం

నిద్ర వస్తలేదు. రాస్తే వస్తదేమో.

పొద్దుగాల మస్తు మంచు. వాకిలి ఊడుస్తున్న. దబ్బున సప్పుడు... ఉరికిన. స్కూటీ పక్కకు పడి ఉంది, చక్రం తిరుగుతనే ఉంది. రోడ్డు మీద ఒక ఆడపిల్ల. నెత్తికి హెల్మెట్ ఉంది, బెల్టు పెట్టుకున్నది. అల్లా దయ. హెల్మెటుకు ఒకపక్క జానెడు గీత. అది నెత్తికి పడుంటే...

ఆమె పక్కన నా రాయి.

ముందు ఆ రాయిని కాలుతోటి తుప్పలల్లకు నూకిన. తర్వాత ఆమెను లేపిన. గీ వరుసలనే చేసిన. ఎందుకు చేసిన్నో నాకే తెల్వదు. ఎవలకు చెప్పలే.

"అయ్యో నా బండండీ, నా క్యారేజీ అండీ" అంటాంది. మోచేతి కాడ తోలు లేచింది, ఎడమ మణికట్టు వాచింది. ఇంట్ల కూసోబెట్టి నీళ్ళిచ్చిన. పేరు లావణ్య. కోనసీమోళ్ళట, మా ఎనక కొత్త కాలనీల ఉంటరట. మేడ్చల్ల నౌకరి.

ఆయన స్కూటీ లేపి పెట్టిండు. మిగిలిన రాళ్ళన్నీ ఒక్కొక్కటి మోసి గోడ కాడ పడేసిండు.

నవంబర్ 13

మణికట్టు ఎముక చిట్లిందట. సిమెంటు కట్టు. మూడు వారాలు.

రెండో మడి వడ్లు పొలం కాడనే పరదాల మీద పోసినం. రోడ్డు దిక్కు పోబుద్ధి కాలే.

నవంబర్ 16, ఆదివారం

లావణ్య, ఆమె మొగుడు వచ్చిన్రు. పూతరేకులు తెచ్చిన్రు. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నోనండీ" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ రాయి ఎవరు పెట్టారో గానీ అని మొదలు పెట్టిందో లేదో, మొగుడు అందుకున్నడు — "రాయి సంగతి సరే, నువ్వు చూసుకోవద్దా? అంత రాయి కనబడలేదా?"

ఆమె తల దించుకుంది.

నేను పూతరేకు నోట్ల పెట్టుకున్న. నోరు నిండుంటే మాట్లాడే పని లేదు గదా. ఇట్ల ఏస్తె అట్ల కరిగేది. నాకు మింగుడు పడలే.

నవంబర్ 19

ఆటోలు మా ఇంటి ముందటనే ఆగుతయ్. పొద్దుగాల లావణ్య మా అరుగు మీద కూసుంది, ఎంట్రుకలు ఇరబోసుకొని. "ఒంటి చేత్తో జడ పడట్లేదు షాహీన్ గారూ. మా ఆయనకి రాదు."

దువ్వెన తెచ్చి ఏసిన. మెత్తటి ఎంట్రుకలు. నాకు ఇద్దరూ కొడుకులే, జడేసుడు నాకేడ దొరికింది. పని పక్కకు పెట్టి కుదురుగ ఏసిన.

నవంబర్ 21

ఇయ్యాల "అక్కా" అన్నది.

నవంబర్ 24

ఆయన హెల్మెట్ ఎప్పుడూ బండి ట్యాంకు మీదనే ఉంటది. పోలీసోళ్ళు కనబడితేనే నెత్తికెక్కుతది. ఇయ్యాల తాళంచెవి గుంజుకున్న. పెట్టుకుంటేనే ఇస్తనన్న.

"శామీర్‌పేట దాకనే గదనే."

ఆ పిల్ల మా గడప దాకనే వచ్చి పడ్డది, అన్న.

"ఎంట్రుకలు ఊడ్తయ్."

ఉన్నయే నాలుగు. పోతే పోనీ, నెత్తి ఉండనీ.

బెల్టు నేనే పెట్టిన. గడ్డం గుచ్చుకుంది. అప్పుడు మెల్లగ అన్నడు — "చెప్పరాదే ఆ పిల్లకు." తిడ్తది, అన్న. "తిట్టనీ. తిట్టించుకో."

నవంబర్ 28

స్కూటీ అమ్మేస్తదట. ఏడో తారీఖు ఆదివారం ఎవరో చూసిపోతరట. జడేస్తుంటే చెప్పింది. "నాకు డ్రైవింగ్ రాదక్కా. వచ్చనుకున్నాను. అంత రాయే కనబడలేదంటే, రేపు ఏ మనిషినో గుద్దేస్తానేమో."

రెండు ఆటోలు మారి పోవుడు అయితలేదట. నౌకరి గూడ మానేస్తదట. సొంత జీతం తోటి కొనుక్కున్న బండి అది. మొదటిసారి ఒక్కతే కీసర దాక పోయొచ్చిన దినం నవ్వు ఆగలేదట.

నా వేళ్ళు ఆగిపోయినయ్.

"ఏమైందక్కా?"

చిక్కు పడ్డదన్న.

డిసెంబర్ 1

చెప్పలే.

డిసెంబర్ 2

చెప్పలే. నోటి దాక వచ్చింది, ఆటో జల్దీ వచ్చింది. ఆటోవాన్ని తిట్టుకున్న. లోపల సంతోషమే అయింది. థూ, నా బతుకు.

చెప్తె ఇగ రాదు. అది ఎరుక. చెప్పకుంటే — బండి పోతది, నౌకరి పోతది, తనకు చేత కాదనుకునే బతుకుతది. మంచి పనే చేసిన. నా జాగ కోసం.

డిసెంబర్ 3, బుధవారం

చెప్పిన.

జడ సగంల ఉంది. ముఖం సూస్తె చెప్పలేనని ఎనక కూసొనే చెప్పిన. "ఆ రాయి నాదే. జాగ పోతదని రోడ్డు మీదనే ఉంచిన. గా మంచుల ఎవలకు కనబడది. నీకు బండి వస్తది బిడ్డా. తప్పు నీది గాదు."

ముందు రాయిని నూకి తర్వాత నిన్ను లేపిన — అది గూడ చెప్పిన.

ఆమె తిరగలే. మెడ గట్టిపడ్డది. అట్లనే అడిగింది — "మరి ఇన్ని రోజులూ జడెందుకేశారు?"

అక్కా అనలే.

మొదలు భయం, తర్వాత ప్రేమ — ఇప్పుడు రాస్తున్న గాని, అప్పుడు నోరు లేవలే. ఆటో వచ్చింది. సగం జడ తోటే ఎక్కి పోయింది. రబ్బరు బ్యాండు నా చేతిలనే ఉండిపోయింది.

డిసెంబర్ 4

రాలే.

డిసెంబర్ 5

రాలే. ఆటో కోసం అవతలి చౌరస్తాకు పోతాందట.

డిసెంబర్ 7, ఆదివారం

ఆయన కాలనీ దిక్కు పోయొచ్చిండు. నేను అడగకుండనే హెల్మెట్ పెట్టుకున్నడు. బండి ఉన్నదా అన్న. "గేటు ఏసుంది. కనబడలే." అన్నం సయించలే.

డిసెంబర్ 10

గీ రోడ్డు మీద వేరేటోళ్ళు వడ్లు పోసిన్రు. పొద్దుగూకినంక వడ్లు ఎత్తుకున్నరు, రాళ్ళు ఉంచిన్రు. తీయమన్న. "నువ్వు పెట్టలేదా ఏంది?" అన్నరు.

పెట్టిన. పెట్టినదాన్ని గనుకనే చెప్తున్న.

తీయలే. నేనే తీసిన, పదకొండు. నేను జాగ గుంజుకుంటున్ననుకొని ఆ వడ్లామె శాపాలు పెట్టింది. పెట్టుకోనీ.

డిసెంబర్ 15, సోమవారం

ఇయ్యాల మళ్ళ మంచు. ఇంట్ల చాయ్ పెడుతున్న — స్కూటీ సప్పుడు. పొయ్యి బందు చేసి బయటికి ఉరికిన.

లావణ్యే. కొత్త హెల్మెట్. లైటు ఏసుకొని మెల్లగ వస్తాంది. మా ఇంటి కాడికి రాంగనే ఇంకా మెల్లగ అయింది. ఆగుతదేమో అనుకున్న. చెయ్యెత్తిన.

ఆమె ఎత్తలే. రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయ్. కోపమో, జాగర్తనో... ముఖం మీది అద్దానికి మంచు పట్టింది, కండ్లు కనబడలే.

మలుపు తిరిగేదాక రోడ్డు మీదనే నిలబడ్డ. మంచిగ నడుపుతాంది.