మీరు తిప్పించిన స్క్రూ

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక మన మోపెడ్‌ని మలికిపురంలో మీ మెకానిక్ సూరిబాబుకి ఇచ్చాను. ఎప్పటిలాగే నల్లటి పొగ, పెట్రోలు వాసన, వంతెన ఎక్కేటప్పుడు కుదుపులు. ఒక్క బండి బాగుచేయించలేరా అని మూడేళ్ళు మిమ్మల్ని సాధించాను. మీరు నవ్వి ఊరుకునేవారు.

సూరిబాబు కార్బురేటర్ విప్పి చూశాడు.

"ఇది పాడవలేదండీ. పెట్రోలు ఎక్కువొచ్చేలా మాస్టారే స్క్రూ తిప్పించేరు. మా ఆవిడ పొద్దున్నే బండి స్టార్టవ్వాలని చోక్ లాగుతుంది, మళ్ళీ నొక్కడం మర్చిపోతుంది, దారిలో బండి ఆగిపోతుంది, చోక్‌తో పన్లేకుండా చేసిపెట్టవయ్యా అన్నారండీ. మీకు చెప్పొద్దన్నారు" అన్నాడు.

స్క్రూ సరిచేయించుకుని వచ్చేశాను. పొగ పోయింది, కుదుపులూ పోయాయి.

ఇవాళ పొద్దున్న స్కూలుకి బయల్దేరి, చోక్ లాగి కిక్ కొడితే వెంటనే స్టార్టయింది. కాలవ వంతెన ఎక్కుతుంటే నల్లగా పొగ వదిలి ఆగిపోయింది. వంగి చూస్తే చోక్ లాగింది లాగినట్టే ఉంది.

అలవాటు కొద్దీ మిమ్మల్నే ఏదో అనబోయి, వంతెన మీద అలాగే నిలబడిపోయాను.