వేలి కింద ఆగిన వణుకు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. మీ అల్లుడి దగ్గు తగ్గింది. నీ మనవరాలికి ముందుపళ్లు రెండూ ఊడాయి, మూతి బిగించుకుని పెద్దమనిషిలా తిరుగుతోంది. అక్క మోకాలు కుదుటపడిందని చదివి మనసు తేలికపడింది. ముప్పయ్యేళ్లు నర్సుగా వార్డును గడగడలాడించినదానివి, అక్కను నడిపించకుండా వదులుతావా!

కాలిన చేతికి మందు రాస్తున్నానా అని అడిగావు. రాస్తున్నాను. టైలరమ్మ పాత కారు సంగతేమైందనీ అడిగావు. అదే చెబుదామని నా రిపేరు షెడ్డులోనే కూర్చుని రాస్తున్నాను, కాగితానికి గ్రీజు అంటితే తిట్టకు.

నిలబెడితే ఆ బండి ఇంజను వణికేది. గేర్లు వాటంతటవే మారే బండి కదా, మారిన ప్రతిసారీ వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదిపేది. వాళ్లాయనకు వెన్నెముక ఆపరేషనయింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆవిడే. ప్రతి కుదుపుకీ ఆయన పళ్లు బిగబట్టేవారట. నేను చూసీచూడగానే గేర్‌బాక్సు పోయిందన్నాను. విప్పాలి, పదిహేను రోజులు బండి ఉండదని కూడా చెప్పేశాను. ఆవిడ తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

స్పానరు చేతపట్టిన రోజునే నీ ఉత్తరం వచ్చింది. "రెండు జబ్బులంటున్నావు, రెండూ ఒకేసారి మొదలయ్యాయా? అడిగావా అసలు?" అని రాశావు. అడగలేదమ్మా. సిగ్గేసి వెంటనే వెళ్లి అడిగాను. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయంది.

అయితే మూలం ఒక్కటే ఉండాలి. ఇంజను నుంచి గేర్‌బాక్సుకు వేలంత లావు రబ్బరు గొట్టం ఒకటి పోతుంది. ఇంజను ఎంత బరువు లాగుతోందో గేర్‌బాక్సుకు తెలిసేది ఆ గొట్టంలోని గాలి పీల్పును బట్టే. అది చిట్లి గాలి దూరితే ఇంజను వణుకుతుంది, గేర్‌బాక్సేమో పీల్పు తగ్గేసరికి కొండెక్కుతున్నామనుకుని మొరటుగా మారుస్తుంది. పగులు మీద వేలు పెట్టి మూశాను. వణుకు టక్కున ఆగిపోయింది. నువ్వు పక్కనుంటే నీ కాళ్లకు దండం పెట్టేదాన్ని.

ఇక నీకు రాయాలా వద్దా అని తటపటాయించిన మాట. ఆ గొట్టం పగలడానికి కారణం నేనే. మూడు నెలల కిందట ప్లగ్గులు మారుస్తూ, చెయ్యి దూరడం లేదని దాన్ని క్లిప్పులోంచి తప్పించాను. మళ్లీ క్లిప్పులో పెట్టలేదు. పొగగొట్టానికి ఆని కాలి, చిట్లింది. కొత్తది వేసేశాను. బండి బాగుపడింది, ఎవరికీ తెలియదు. రెండు రోజులు నోరు మెదపలేదు.

నిన్న వాళ్లిద్దరినీ ఎక్కించుకుని ఒక రౌండు తిప్పాను. షెడ్డు ముందు ఆపాక ఇక దాచలేకపోయాను, ఉన్నదున్నట్టు చెప్పేశాను. టైలరమ్మ నా ముఖంలోకి చూసింది. చీవాట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను.

"అంటే... నేను నడపడం రాక కాదా?" అంది.

ఇన్నాళ్లుగా ప్రతి కుదుపుకీ ఆయనకు క్షమాపణ చెప్పుకుంటూ వచ్చిందట, పెడలు తొక్కే తన మొరటు కాలే బండిని పాడుచేస్తోందని. ఆ మాట అంటూ ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. నేను నోరు విప్పకపోయి ఉంటే ఆవిడ ఆ నిందను ఎప్పటికీ మోస్తూనే ఉండేది కదమ్మా. నీ ప్రశ్న బాగుచేసింది ఒక్క బండినే కాదు.

కళ్లు తుడుచుకుని "దిగు, నేను నడుపుతా" అంది. నేను పక్క సీట్లోకి జరిగాను. వీధి చివరిదాకా పోయాక వెనకనుంచి ఆయన, కళ్లు మూసుకునే అన్నారు: "ఏమే, ఇంకా బయల్దేరలేదా?"

ఇట్లు,
ముందు అడిగి తర్వాతే స్పానరు పట్టే
నీ చిన్నకూతురు