మొద్దు మీది కత్తి

ఆళ్లగడ్డ,
12-8-1956

తమ్ముడికి,

నువ్వూ, నా కుట్టుమిషనూ నంద్యాలలో కులాసా అని తలుస్తాను. మా మామ తన చిన్నకూతురిని నీకిస్తాడట. ఆదివారం నిన్ను రమ్మని రాయమన్నాడు.

ఈ ఇంటి పద్ధతి ఒకటి నీకు చెప్పాలి. మాంసం కొట్టే కత్తిని వీళ్లు ఎవరి చేతికీ ఇవ్వరు. మొద్దు మీద పెట్టి పక్కకు పోతారు. దాన్ని తనంతట తాను అందుకున్న అల్లుడిదే అంగడి. ఇంకో అల్లుడు అందుకునేదాకా వాడు ఊరు దాటకూడదు.

ఇది తెలియక, పెళ్లైన మూడో రోజే దొరికిపోయాను. "ఈడ కూచో అప్పా, నీళ్లు తాగొస్తా" అని మామ లోపలికి పోయాడు. ఒక ముసలమ్మ వచ్చి, "బేగా కొట్టియ్యి నాయనా, బస్సు పోతాది" అంది. జాలిపడి కొట్టిచ్చాను. వెంటనే అత్త హారతి పళ్లెంతో బయటికొచ్చింది. ఆ ముసలమ్మ మామకు మేనత్తట!

ఆరేళ్లయింది. నువ్వొచ్చి ఆ కత్తి అందుకుంటే, మర్నాడే నేను నంద్యాల బస్సెక్కుతాను. చేతులకు ఈ వాసన పోయాక మళ్లీ రవికలు కుట్టుకుంటాను.

మామ పక్కనే కూర్చుని, "రమ్మని గట్టిగా రాసినావా?" అంటున్నాడు. రాశానన్నాను. ఆయనకు చదువు రాదు.

రావద్దు తమ్ముడూ. మిషన్ నువ్వే ఉంచుకో.

నీ అన్న